గర్భిణికి వేసే టీకాలు: ఏది ఎప్పుడు, ఎవరి కోసం

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టుగా చెబుతాను. మీరు హైదరాబాదు కూకట్‌పల్లిలో ఉంటున్నారు. ఇది మొదటి కాన్పు, మే నెలాఖరుకు 22 వారాలు నిండాయి. 16వ వారంలో బస్తీ దవాఖానాలో ధనుర్వాతం టీకా టీడీ మొదటి డోసు వేసి, నెల తర్వాత రెండోది వేయించుకొమ్మని కార్డులో రాశారు. మీరు చూపించుకుంటున్న ప్రైవేటు డాక్టరు మాత్రం రెండో టీడీకి బదులు 28వ వారంలో కోరింత దగ్గు నుంచి కూడా కాపాడే టీడాప్ వేస్తామని, ఫ్లూ టీకా కూడా అవసరమని చెప్పారు. మీ అత్తగారేమో, తమ రోజుల్లో రెండు టీటీ సూదులతోనే నలుగురు పిల్లల్ని కన్నామని, ఇప్పుడు ఇన్నెందుకని అంటున్నారు. ఏడో నెలలో సీమంతం కాగానే మీరు ఖమ్మంలోని పుట్టింటికి వెళ్లాలి. ఇవి చాలవన్నట్టు, గర్భం వచ్చిన సంగతి తెలియకముందు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకా వేయించుకున్న మీ తోడికోడలు ఇప్పుడు భయంతో నిద్రపోవడం లేదు.

ప్రసూతి వైద్యురాలిగా ముప్పై ఏళ్లకు పైగా ఈ నగరంలోనే పనిచేశాను కాబట్టి, ఈ నాలుగు సందేహాలూ నాకు కొత్తవి కావు. మీ డాక్టరు చెప్పినది సరైనదే. అది ఎందుకు సరైనదో తెలియాలంటే ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి. గర్భిణికి వేసే టీకాల్లో కొన్నింటిని తల్లి కంటే పుట్టబోయే బిడ్డ కోసమే ఎక్కువగా వేస్తారు. ధనుర్వాతం, కోరింత దగ్గు వంటి ఐదు జబ్బులకు కలిపి బిడ్డకు వేసే పెంటావాలెంట్ మొదటి డోసు పడేది ఆరో వారంలో, ఆ తర్వాత 10వ వారంలో, 14వ వారంలో మిగిలినవి. ఫ్లూ టీకా అయితే ఆరు నెలలు నిండేదాకా వేయడానికే లేదు. అప్పటివరకు ఆ జబ్బుల నుంచి బిడ్డను కాపాడేవి తల్లి రక్తం నుంచి మాయ ద్వారా అందిన యాంటీబాడీలే. అవి తొమ్మిది నెలలూ ఒకే తీరున అందవు. మొదటి నెలల్లో చాలా కొద్దిగా వెళ్లి, 28 వారాలు దాటాక జోరందుకుని, నెలలు నిండేసరికి బిడ్డ రక్తంలో తల్లి రక్తంలో కంటే కూడా ఎక్కువ స్థాయికి చేరతాయి. టీకా వేసిన తర్వాత తల్లి శరీరం ఆ యాంటీబాడీలను తయారుచేసుకోవడానికి రెండు వారాలు పడుతుంది. కాబట్టి ఏ టీకా వేయించుకున్నామన్నది ఎంత ముఖ్యమో, ఏ వారంలో వేయించుకున్నామన్నది కూడా అంతే ముఖ్యం.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి. ఆ రెండు టీటీ సూదులు చేసిన మేలు చిన్నది కాదు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో పిల్లల వార్డు చివర ఒక గదికి ఎప్పుడూ ముదురు రంగు కర్టెన్లు వేసి ఉండేవి. ధనుర్వాతం సోకిన పసికందులను అక్కడ ఉంచేవారు. పుట్టిన నాలుగైదు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ ఉన్నట్టుండి రొమ్ము పట్టడం మానేస్తుంది, దవడలు బిగుసుకుంటాయి, ఆపైన తలుపు చప్పుడైనా, వెలుతురు పడినా ఒళ్లంతా విల్లులా వంగిపోతుంది. నర్సులు చెప్పులు గది బయట విడిచి లోపలికి వెళ్లేవారు. ఇంట్లో కాన్పు చేసి, శుభ్రం చేయని కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డుతాడు కోయడం, దాని మీద పేడో బూడిదో పెట్టడం అందుకు కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 1988లో ప్రపంచవ్యాప్తంగా 7,87,000 మంది నవజాత శిశువులు ఈ ఒక్క జబ్బుతో చనిపోయారు. గర్భిణులకు టీకా వేయడం, ఆసుపత్రి కాన్పులు పెరగడం వల్ల 2015లో మన దేశం మాతా శిశు ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. నిర్మూలన అంటే మశూచిలా పూర్తిగా పోయిందని కాదు. ధనుర్వాతం క్రిమి మట్టిలోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. టీకా మానేస్తే జబ్బు తిరిగి వస్తుంది.

ఆ టీటీ స్థానంలోనే ఇప్పుడు టీడీ వచ్చింది. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియా, అంటే మన పెద్దలు కంఠసర్పి అనే జబ్బు నుంచి కూడా ఇది రక్షణ ఇస్తుంది. గర్భం నిర్ధారణ కాగానే మొదటి డోసు, నాలుగు వారాల తర్వాత రెండోది, వీలైనంత వరకు 36 వారాల లోపు వేయాలన్నది నియమం. గడువు దాటిపోయిందని మానేయకూడదు, ఆలస్యమైనా వేయాల్సిందే. గత మూడేళ్లలోపు ఒక కాన్పులో రెండు డోసులూ వేయించుకున్నవారికి ఈసారి ఒక్క బూస్టరు డోసు సరిపోతుంది. బస్తీ దవాఖానాలో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఇది పూర్తిగా ఉచితం. ఉచితంగా ఇచ్చేది నాసిరకమని అనుకునేవారు మన నగరంలో ఇంకా ఉన్నారు. ధనుర్వాతం టీకాల తయారీలో ప్రపంచంలోని పెద్ద సంస్థల్లో ఒకటైన ‘బయోలాజికల్ ఈ’ 1953 నుంచి మన హైదరాబాదులోనే ఉందని వారికి చెప్పండి.

ఇక టీడాప్ సంగతి. టీడీలో లేనిది, టీడాప్‌లో ఉన్నది కోరింత దగ్గుకు సంబంధించిన భాగం. పెద్దవాళ్లకు కోరింత దగ్గు వస్తే నెలల తరబడి విసిగించే దగ్గుగానే ఉంటుంది, చాలామందికి అది కోరింత దగ్గని కూడా తెలియదు. నెల రోజుల బిడ్డకు వస్తే పరిస్థితి వేరు. ఆ వయసు బిడ్డ గట్టిగా దగ్గలేదు కూడా. దగ్గు తెర వచ్చే బదులు ఊపిరి ఆగిపోతుంది, పెదవులు నీలంగా మారతాయి, పాలు తాగుతూ తాగుతూనే వాడిపోతుంది. తల్లిదండ్రులు "దగ్గు ఏమీ లేదండీ, ఉన్నట్టుండి నీలంగా అయిపోయాడు" అంటూ పరుగెత్తుకొస్తారు. పెంటావాలెంట్ మొదటి డోసు పడేలోపు వచ్చే ఈ ప్రమాదాన్ని తప్పించడానికే టీడాప్‌ను 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు. ఆ గడువులో తల్లి వేయించుకుంటే, రెండు నెలల లోపు పిల్లలు కోరింత దగ్గుతో ఆసుపత్రిలో చేరాల్సిన పరిస్థితి సుమారు 90 శాతం తగ్గుతుంది. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ 2012 నుంచి ప్రతి గర్భిణికీ దీన్ని సిఫారసు చేస్తున్నారు. మన దేశంలో ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫాగ్సీ రెండో టీడీకి బదులుగా దీన్ని వేయవచ్చని చెబుతోంది. మీ డాక్టరు చేసింది సరిగ్గా అదే.

ఇక్కడ మూడు విషయాలు గుర్తుంచుకోండి. మొదటిది, టీడాప్ వల్ల వచ్చే యాంటీబాడీలు ఏడాది తిరిగేసరికి బాగా తగ్గిపోతాయి కాబట్టి, రెండో కాన్పులో మళ్లీ వేయించుకోవాలి, మొన్ననే కదా వేయించుకున్నామని వదిలేయకూడదు. రెండోది, బస్తీ దవాఖానాలో రెండో టీడీ కూడా ఇప్పటికే వేసేసి ఉన్నా నష్టమేమీ లేదు, ఇంత వ్యవధి గడవాలని చూడకుండా 27 వారాలు దాటాక టీడాప్ వేయించుకోవచ్చు. మూడోది, కవలలు ఉన్నా, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉందని స్కానింగులో చెప్పినా, నెలలు నిండకముందే కాన్పు అయ్యే అవకాశం ఉంటుంది కాబట్టి, 34వ వారం దాకా ఆగకుండా గడువు మొదట్లోనే వేయించుకోవడం మంచిది. టీడాప్ ప్రభుత్వ పథకంలో లేదు. ప్రైవేటులో వెయ్యి రూపాయలకు పైనే అవుతుంది. ఆ ఖర్చు భరించలేనివారు అపరాధ భావన పెట్టుకోనక్కరలేదు. రెండు టీడీలు సక్రమంగా వేయించుకుని, బిడ్డకు ఆరో వారం టీకా ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా చూసుకుంటే, చేయగలిగినది చేసినట్టే.

ఫ్లూ టీకాను మాత్రం ముందు తల్లి కోసమని, ఆ తర్వాతే బిడ్డ కోసమని చెబుతాను. పెరిగిన గర్భసంచి ఊపిరితిత్తులను పైకి నెడుతుంది, గుండె మామూలు కంటే ఎక్కువ పనిచేస్తుంది, రోగ నిరోధక శక్తి తీరు కూడా మారుతుంది. అందుకే ఇంట్లో అందరికీ మూడు రోజుల్లో తగ్గిపోయిన జ్వరం గర్భిణిని ఐసీయూ దాకా తీసుకుపోగలదు. స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదటిసారి నిర్ధారణ అయింది 2009 మే నెలలో, మన హైదరాబాదులోనే. 2015 ఆరంభంలో తెలంగాణలో అది మళ్లీ విజృంభించినప్పుడు ఏడో నెల, ఎనిమిదో నెల గర్భిణులు ఆయాసపడుతూ రావడం నేను చూశాను. ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని, రెండు చేతులూ పొట్ట మీద ఉంచుకుని, బిడ్డ కదులుతోందా అని సైగతో అడిగిన ఒక అమ్మాయి ముఖం ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఆమె, బిడ్డ ఇద్దరూ బతికారు. అప్పటి నుంచి ఫ్లూ టీకా గురించి చెప్పకుండా ఏ గర్భిణినీ నేను ఇంటికి పంపలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే ఫ్లూ టీకా విషయంలో గర్భిణులకు అందరికంటే ముందు స్థానం ఇచ్చింది. ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. మన దగ్గర కొందరు డాక్టర్లు 26వ వారం దాటాక వేస్తారు, ఫ్లూ కాలం మొదలైతే అంతకుముందే వేస్తారు. మీ విషయంలో ఆగమని నేను చెప్పను. మన ప్రాంతంలో ఫ్లూ వానలతో పాటు జులై నుంచి సెప్టెంబరు వరకు బాగా ఉంటుంది, చాలా ఏళ్లలో జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి తల ఎత్తుతుంది. జూన్‌లో వేయించుకుంటే మీ చివరి నెలలకు రక్షణ ఉంటుంది, అక్టోబరు మొదట్లో పుట్టే బిడ్డకు తొలి నెలల్లో కొంత రక్షణ అందుతుంది. వైరసు ఏటా రూపు మార్చుకుంటుంది కాబట్టి నిరుడు వేయించుకున్న టీకా ఈ ఏడాదికి లెక్కలోకి రాదు. వేసేది చంపిన వైరసుతో చేసిన ఇంజెక్షన్ అయి ఉండాలి. ముక్కులో కొట్టే స్ప్రే రూపంలోని ఫ్లూ టీకాలో బతికి ఉన్న, బలహీనపరచిన వైరసు ఉంటుంది, అది గర్భిణులకు వేయకూడదు.

మీ తోడికోడలి భయానికి ఇప్పుడు వస్తాను. బతికి ఉన్న క్రిములను బలహీనపరచి తయారుచేసే టీకాలను గర్భిణులకు వేయరు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా, ఆఫ్రికా ప్రయాణాలకు అడిగే ఎల్లో ఫీవర్ టీకా ఈ కోవలోవి. ప్రయాణం తప్పనిసరై ఎల్లో ఫీవర్ ముప్పు నిజంగానే ఉన్నప్పుడు మాత్రం డాక్టరు లాభనష్టాలు బేరీజు వేసి నిర్ణయిస్తారు. రుబెల్లా జబ్బు గర్భిణికి మొదటి 12 వారాల్లో సోకితే బిడ్డకు కంటిలో శుక్లాలు, చెవుడు, గుండె లోపాలు వచ్చే ప్రమాదం 90 శాతం వరకు ఉంటుంది. ఈ సంబంధాన్ని 1941లో పసిగట్టినది ఆస్ట్రేలియాకు చెందిన కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్. పుట్టు శుక్లాలతో వస్తున్న పిల్లల తల్లుల్లో చాలామందికి గర్భం తొలి నెలల్లో రుబెల్లా వచ్చి ఉండడం ఆయన గమనించారు. జబ్బు ఇంత చెడ్డది కాబట్టి టీకాలోని వైరసు విషయంలోనూ జాగ్రత్త కోసం, వేయించుకున్నాక ఒక నెల పాటు గర్భం రాకుండా చూసుకోమంటారు.

అయితే జాగ్రత్త వేరు, జరిగిన హాని వేరు. గర్భం సంగతి తెలియక ఈ టీకా వేయించుకున్న స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో, టీకా కారణంగా రుబెల్లా లోపాలతో బిడ్డ పుట్టిన దాఖలా కనిపించలేదు. ఆ కారణంతో గర్భం తీయించుకోనవసరం లేదని వైద్య సంఘాలన్నీ స్పష్టంగా చెబుతున్నాయి. ఈ మాట ఆమెకు ఇవాళే చేరవేయండి. భయంతోనో, ఎవరో ఇచ్చిన తొందరపాటు సలహాతోనో ఆరోగ్యంగా ఉన్న గర్భాన్ని పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. ఆమె తన డాక్టరుకు టీకా వేసిన తేదీ చెప్పి, అందరికీ చేసే ఐదో నెల స్కానింగు చేయించుకుంటే చాలు. మీ విషయానికి వస్తే, రుబెల్లా రక్షణ ఉందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది. లేదని తేలితే కాన్పు తర్వాత ఆసుపత్రి నుంచి వచ్చేలోపే ఆ టీకా వేయించుకోండి. పాలిచ్చే తల్లికి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. తెలంగాణలో 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు బడుల్లో పెద్ద ఎత్తున తట్టు రుబెల్లా టీకా వేశారు. ఆ పిల్లలు ఒక్కొక్కరుగా తల్లులయ్యే వయసుకు వస్తున్నారు, వాళ్ల డాక్టర్లకు ఈ బెంగ కొంత తగ్గుతుంది.

కాలేయాన్ని దెబ్బతీసే వైరసు హెపటైటిస్ బీ గురించి క్లుప్తంగా చెబుతాను. మీ రక్తపరీక్షల్లో హెచ్‌బీఎస్‌ఏజీ అనే వరుస వెతికి చూడండి, అది నెగెటివ్ అని ఉండాలి. భర్తకు ఆ వైరసు ఉన్నవారు, ఆసుపత్రుల్లో రక్తంతో పనిచేసేవారు గర్భంతో ఉన్నప్పుడు కూడా ఈ టీకా వేయించుకోవచ్చు. తల్లి పరీక్ష ఎలా ఉన్నా, బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు పడాలి. తల్లికి పాజిటివ్ అయితే దానితోపాటు, తయారుగా ఉన్న యాంటీబాడీల సూది అయిన ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా 12 గంటల్లోపు ఇవ్వాలి. అందుకే ఆ రిపోర్టు కాన్పు గదిలోకి వెళ్లే ఫైలులో పైన ఉండాలి. విదేశాల నుంచి తెప్పించుకునే ఈ టీకాను 1997లో శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాదులోనే తయారుచేసి ధర దించిన తర్వాతే సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు దీన్ని చీటీ మీద రాయడానికే నాకు చేయి ఆడేది కాదు.

కుక్క కరిస్తే ఏమిటన్నది మీరు అడగలేదు, కానీ మన వీధులు చూశాక చెప్పకుండా ఉండలేను. రేబిస్ టీకాకు గర్భం అడ్డు కాదు, ఏ నెలైనా అడ్డు కాదు. గాయాన్ని ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లండి. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేస్తారు, దాన్నీ వద్దనకూడదు. కాన్పు అయ్యాక చూద్దామని ఎవరైనా అంటే వినకండి. కోవిడ్ టీకాకు 2021 జులైలో కేంద్రం గర్భిణులకు అనుమతి ఇచ్చింది. ఇప్పుడు అది మీకు అవసరమా కాదా అన్నది మీ ఆరోగ్య స్థితిని బట్టి డాక్టరు చెప్పాల్సిన సంగతి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా సగంలో ఉన్నవారు మిగిలిన డోసులు కాన్పు తర్వాతకు వాయిదా వేసుకోవాలి.

ఫైళ్లు తిరగేస్తుంటే నాకు తరచు కనిపించే గందరగోళం ఒకటుంది. "నాకు మూడు టీకాలు అయ్యాయండీ" అంటారు. చూస్తే అందులో ఒకటి టీడీ, ఒకటి ఐరన్ సూది, మరొకటి రక్తం నెగెటివ్ గ్రూపు కాబట్టి 28వ వారంలో వేసిన యాంటీ డీ. నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం వేసే స్టెరాయిడ్ సూదులను కూడా టీకాల లెక్కలో కలిపేస్తుంటారు. అవన్నీ అవసరమైనవే, కానీ టీకాలు కావు. సూది వేయించుకున్న ప్రతిసారీ దాని పేరు, తేదీ రాయించుకోవడం అలవాటు చేసుకోండి.

టీకా వేసిన చేయి ఒకటి రెండు రోజులు నొప్పిగా ఉంటుంది, కొందరికి ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది. పారాసిటమాల్ వేసుకోవచ్చు. నూనె రాసి మర్దన చేయకండి. టీడాప్, ఫ్లూ రెండూ ఒకేరోజు రెండు చేతులకూ వేయించుకోవచ్చు. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. బాగా జ్వరంగా ఉన్నరోజు వాయిదా వేయండి, మామూలు జలుబు మాత్రం కారణం కాదు. గతంలో ఏ టీకాకైనా ముఖం వాచి ఊపిరి ఆడని పరిస్థితి వచ్చి ఉంటే తప్పనిసరిగా ముందే చెప్పండి. ఈ టీకాల వల్ల బిడ్డకు అవకరాలు వస్తాయని, గర్భం పోతుందని ఫోన్లలో తిరిగే సందేశాలకు ఆధారం లేదు.

డల్లాస్‌లో ఉన్న మా అక్క కూతురు, అక్కడ తనకు ఆర్‌ఎస్‌వీ టీకా కూడా వేశారని, ఇక్కడ ఎందుకు అడగరని నన్ను నిలదీసింది. పసిపిల్లల్లో ఆయాసం తెప్పించే ఆ వైరసుకు గర్భిణులకు వేసే టీకాను అమెరికా 2023 ఆగస్టులో అనుమతించింది. అక్కడ సెప్టెంబరు నుంచి జనవరి మధ్య, 32 నుంచి 36 వారాల గర్భిణులకు వేస్తున్నారు. మీలాంటి వారికి అదనంగా బెంగ పెట్టడానికి కాదు, అమెరికా బంధువులు అడిగితే సమాధానం ఉండాలని చెబుతున్నాను.

చివరగా మీ ఖమ్మం ప్రయాణం. మన ఆడపిల్లల టీకాలు తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఏడో నెలలో పుట్టింటికి వెళ్లే సమయం, టీడాప్ గడువు మొదలయ్యే సమయం ఒకటే. ఇక్కడి డాక్టరు అక్కడ వేస్తారనుకుంటారు, అక్కడి డాక్టరు ఇక్కడ వేసే ఉంటారనుకుంటారు. మీ లెక్క ప్రకారం జులై మొదటి వారంలో 27 వారాలు నిండుతాయి. సీమంతం ముహూర్తం ఆ తర్వాతే అయితే, టీడాప్ ఇక్కడే వేయించుకుని బయల్దేరండి. ముందే అయితే, మీ అమ్మగారితో చెప్పి ఖమ్మంలో ఆ టీకా తెప్పించి ఉంచమని ఇప్పుడే కబురు చేయండి. మాతా శిశు సంరక్షణ కార్డు, ప్రైవేటు ఆసుపత్రి ఫైలు రెండూ చేతి సంచిలో పెట్టుకోండి, టీకా పేజీలకు ఫోటో తీసి మీవారి ఫోనులో కూడా ఉంచండి. కాన్పుకు రెండు వారాల ముందుగా, బిడ్డను ఎత్తుకోబోయే మీ అమ్మగారు, నాన్నగారు, మీవారు కూడా ఫ్లూ టీకా వేయించుకోగలిగితే మంచిది. 21వ రోజు బారసాలకు వచ్చే బంధువుల్లో దగ్గుతున్నవారికి బిడ్డను ఇవ్వవద్దని చెప్పే పనిని మీ మీద పెట్టుకోకండి, ఆ మాట మీ అత్తగారి చేత చెప్పించండి. ఆమె చెబితే ఎవరూ నొచ్చుకోరు.